పైడమ్మరాయి

పూర్వం నాగావళీ తీరాన, నేతపనితో పొట్టపోసుకునే ఒక పల్లెలో తవిటమ్మ అనే భక్తురాలు ఉండేది. భర్త పోయినా మగ్గం ఆపక, చిన్నవాడైన కొడుకు బంగారయ్యను సాకుతూ, నిండునెలల కూతురు పైడమ్మను పురిటికి ఇంటికి తెచ్చుకుంది. ఆ పిల్లకు సుఖప్రసవమైతే చాలు, ఆ తల్లికి ఇంకో కోరిక లేదు.

అంతలో బంగారయ్యకు ఒళ్లు కాగి, నీటిపొక్కులు లేచాయి. ఆటలమ్మ వచ్చిందని తవిటమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, పోపులు మాని, పిల్లవాణ్ణి అమ్మవారిగానే కొలిచింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది! పెరటి కొట్టంలో ఉన్న పైడమ్మను పిలిచి, "అమ్మ మనింటికి నడిచొచ్చిందే. తమ్ముడి కాళ్లకు దండం పెట్టుకో, పురుడు సులువుగా ఔతాది" అంది.

"నాకెప్పుడూ అమ్మవారు పొయ్యలేదు కదమ్మా, భయమేస్తంది" అంటూ పైడమ్మ వేపమండ కిందే ఆగిపోయింది.

"తల్లి దగ్గర భయమేంటే, పిచ్చిదానా!" అని తవిటమ్మ చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయింది.

పక్కులు రాలి, తలకు పోసుకుని, బంగారయ్య వీధిలో ఆటలకు పోయేనాటికి పైడమ్మకు పోసింది. పిల్లవాడి ఒంటిమీద ఆడిపోయిన ఆటలమ్మ చూలాలి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఎగశ్వాసలోనే ప్రసవించి, బిడ్డను కళ్లారా చూడకుండానే ఆమె కన్నుమూసింది. కొద్దిరోజులకే పసిగుడ్డుకూ పొక్కులు లేచి, వాడూ తల్లివెంటే పోయాడు. అయ్యో, తవిటమ్మ దుఃఖం ఏమని చెప్పేది!

ఆమె అమ్మవారి గుడికి పోయి, "నిన్ను నమ్మినందుకు నాకీ కడుపుకోతా?" అని గడపకేసి తల బాదుకుంది. అప్పుడు దేవి పూజారిణిని ఆవేశించి, ఏడుస్తూ పలికిందట: "ఆ పిల్లను నేను పిలవలేదే తవిటీ! నన్నెరగని ఒంటికి, అందులో చూలాలికీ పసిగుడ్డుకూ, నా ఆట ఓర్చుకునే బలముండదు. గుమ్మానికి వేపమండ కట్టమన్నది లోపలికి రమ్మని కాదు, అక్కడే ఆగమని. నీ కూతురు ఆగింది. నువ్వే తీసుకొచ్చావు."

తవిటమ్మ ఇంటికొచ్చి, గడపరాయిని పెకలించి, గుడికి ఎడంగా దారిలో పాతి, దానికి వేపమండ కట్టి, బతికినన్నాళ్లూ అక్కడే కూర్చుంది. కడుపుతో ఉన్నవాళ్లు ఎవరొచ్చినా పేరైనా అడక్క, "పైడమ్మా, అక్కడే ఆగమ్మా" అని చేతులు జోడించేది.

నేటికీ ఆ రాయి ఉంది. అమ్మవారు పోసినవాళ్లు పక్కులన్నీ రాలేదాకా గుడికి రారు. జాతరనాడు చూలాళ్లు రాయి దగ్గరే గాజులుంచి మరలిపోతారు. అక్కడ కాపుండే ముత్తైదువ ప్రతి చూలాలినీ పైడమ్మా అనే పిలుస్తుంది. తన పేరు ఏదైనా సరే, ఆ చూలాలు తవిటమ్మకు వినబడేలా గట్టిగా, "ఆగానమ్మా" అని బదులు చెప్పాలి.