తలపాగా లేని వాదం

తగవులు తీర్చే కొలువుకి కోటలో ఏటా పరీక్ష పెట్టేవారు. వాదంలో తప్పు పట్టినవాడికే ఉద్యోగం. కుమ్మరి ఈరన్న మూడేళ్లుగా కాళ్లీడ్చుకుంటూ వస్తున్నాడు. మూడేళ్లూ గుమ్మం దగ్గరే ఆపేశారు.

ఈసారి రాజుగారి ఎదుటే పరీక్షాధికారి విశ్వపతి శాస్త్రి విసుక్కున్నాడు.

"ఇంతవరకు నెగ్గినవాళ్లందరికీ తలపాగా ఉందిరా. నీకు లేదు. కనక నువ్వు నెగ్గవు, పో!"

ఈరన్న అలసటగా గోడకి చేరగిలబడ్డాడు. "ఓడినవాళ్లకి లేదా, సామీ?"

"ఎందుకు లేదు? తలపాగా లేనివాణ్ణి లోపలికే రానివ్వనుగా!"

"మరి లేనివాడికి ఎప్పుడు పరీక్ష పెట్టి చూశారని, నెగ్గడంటున్నారు? తప్పు పట్టేశాను సామీ. పరీక్ష అయినట్టేనా, ఇంకా నిలబడాలా?"

రాజు నవ్వలేదు. మూడేళ్లు నిలబెట్టినందుకు సిగ్గుపడి, న్యాయపీఠం చూపించి, "కూర్చో ఈరన్నా," అన్నాడు.