నక్క గుహలో వంతుల యాప్

నల్లగుట్ట అడవిలో ఆ ఏడు ఎండలు ఎట్లా మండాయంటే, మొసలికి దొంగ కన్నీళ్ళు కూడా రాలేదు. వాగులు ఎండాయి, చెలమలు ఎండాయి, అడవి మొత్తానికి ఒక్క మడుగు మిగిలింది. ఉన్న జాతులేమో ముప్పైరెండు. అందరూ ఒక్కసారే ఎగబడితే తాగేది నీళ్ళు కాదు, బురద. అందుకని పెద్దలు కూర్చుని వేసవి కట్టుబాటు ఒకటి పెట్టారు. ఒక్కో జాతికి ఒక్కో వంతు, వంతుకి అరగంట. తన వంతులో తాగేవాళ్ళని ఎవరూ ముట్టుకోకూడదు, పులి కూడా. వంతు తప్పి వచ్చినవాళ్ళకి మాత్రం ఎవరిదీ పూచీ లేదు.

ఈ కట్టుబాటుకి కాపలా కూడా పులే. నవ్వకండి, ఆయన కూర్చున్నాడు కాబట్టే అందరూ టైముకి వస్తున్నారు. అడవిలో ఆయన పేరు ఎవరూ పలకరు, పెద్దాయన అంటారు. మాట మీద నిలబడే మనిషి. మనిషంటే, పులే అనుకోండి.

ఎవరి వంతు ఎప్పుడో నోటికి అప్పజెప్పేది ముసలి కాకి. దానికి అరిచే గొంతు కాస్తా పోయింది. దాంతో వంతుల కోసం ఒక యాప్ చేయాలని తీర్మానించారు. ఫోన్లకి కొదవలేదు. గుట్ట చూడ్డానికొచ్చిన పర్యాటకుల దగ్గర కోతి కిట్టప్ప లాక్కొచ్చినవి ఇంటికి రెండున్నాయి. యాప్ రాసే పని చుక్కల జింక వర్ధని నెత్తిన పడింది. అడవిలో కోడ్ రాయడం వచ్చింది దానికొక్కదానికే. గిట్టతో నొక్కితే ఒక అక్షరానికి మూడు పడతాయి, అదొక్కటే ఇబ్బంది.

వర్ధనికి ఇది పదిమంది పని మాత్రమే కాదు, సొంత పని కూడా. దానికి మువ్వ అని పది రోజుల పిల్ల ఉంది. పరుగు ఇంకా రాదు. నాలుగడుగులేసి తన కాళ్ళకి తనే తట్టుకుని పడుతుంది. పసిపిల్లలున్నారని జింకలకి తెల్లవారుతూనే మొదటి వంతు ఇచ్చారు. అది తప్పితే పిల్లకి దాహమో, పులో, రెండింట్లో ఒకటి ఖాయం.

"నాకొచ్చిన భాషలో రాస్తే నాలుగు రోజుల పని" అంది వర్ధని.

పై కొమ్మ మీంచి కిట్టప్ప కిచకిచలాడాడు. "ఆ భాషా? మా తాత వాడేవాడు. ఇప్పుడందరూ కొత్తదే వాడుతున్నారు."

"ఏముంది దాంట్లో?"

"కొత్తగా ఉంటుంది."

నిజమే కాబోలని వర్ధని కొత్తది నేర్చుకుంది. సగం రాసేసరికి కిట్టప్ప ఇంకో కొమ్మ మీదున్నాడు.

"ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా? దాని కాలం మొన్నే పోయింది!"

"మొన్నేగా నువ్వు చెప్పింది?"

"చెప్పింది మొన్న పొద్దున. పోయింది మొన్న సాయంత్రం."

అట్లా పదిహేను రోజుల్లో నాలుగు భాషలు, ఆరు పనిముట్లు మారాయి. యాప్‌లో మాత్రం ఒకే ఒక్క బటను తయారైంది. నొక్కితే రంగు మారుతుంది, అంతే. ఈలోగా మడుగు జానెడు దిగింది. వర్ధనికి చిర్రెత్తుకొచ్చింది. "నువ్వు కొమ్మలు మారడానికి పుట్టావు, నేను పిల్లకి నీళ్ళు తాగించుకోవాలి. పో అవతలికి!" అని కసిరి, తన పాత భాషలోనే కూర్చుని నాలుగు రోజుల్లో రాసి పారేసింది.

తర్వాత కాకిని పక్కన కూర్చోబెట్టుకుని ముప్పైరెండు జాతుల వంతులూ ఎక్కించింది. పొద్దుటి వంతులు తప్ప మిగతావి రోజూ మారుతూ, ఆ పట్టిక మూడు రోజులకోసారి తిరిగొస్తుంది. చెప్పడం అవగానే కాకి హమ్మయ్య అనుకుని అన్నీ మర్చిపోయింది. అంత హాయిగా మర్చిపోయినవాళ్ళని నేనైతే చూళ్ళేదు.

ఇక యాప్ ఎక్కడ పెట్టాలి? అది రాత్రీ పగలూ ఎక్కడో ఒక మిషన్లో నడుస్తుండాలి. మిషన్‌కి కరెంటు కావాలి. కరెంటు కోసం ఎవరో ఒకరు చక్రం తిప్పుతుండాలి. మేం తిప్పుతామని ఇద్దరు ముందుకొచ్చారు.

మొదటివాడు అడవి అంచున నూనె గానుగ తిప్పే ఎద్దు గంగన్న. "మా పాకలో పెట్టుకో తల్లీ. ఎట్లాగూ తిరుగుతున్నాను, నీ తీగ కూడా గానుగకి తగిలిస్తే సరి. రోజూ ఓ మోపు గడ్డి పడెయ్, ఎండుదైనా ఫర్వాలేదు."

"ఇంకేం ఇస్తావు మావయ్యా?"

"ఇంకేం ఇస్తాను? తిరుగుతాను."

"నువ్వు పడుకుంటే?"

"మా తమ్ముడు తిరుగుతాడు."

రెండోవాడు నక్క పరమేశం. గుహ ముందు మిణుగురులతో బోర్డు కట్టించాడు. వర్ధనిని చూడగానే నడుం విరిగేలా వంగి దండం పెట్టాడు.

"చెల్లెమ్మా, ఈ కరువులో నీ దగ్గర గడ్డి తీసుకుంటే నా కళ్ళు పోతాయి. ఊరికే పెట్టుకో! ఇదిగో, నీ యాప్ ఎంతమంది చూశారో చెప్పే రంగుల బొమ్మ. ఎక్కడెక్కణ్ణుంచి చూశారో చెప్పే పటం. చక్రం తొక్కడానికి మా ఎలుగు వీరాస్వామి. ఆ భుజాలు చూశావా!"

వర్ధని కూర్చుని బేరీజు వేసింది. బలంలో ఎలుగుదే పైచేయి. రంగుల బొమ్మ ఎద్దు దగ్గర లేదు. పటం లేదు. గడ్డి మోయక్కర్లేదు. ఎటు చూసినా నక్కే గెలిచాడు. గంగన్న ఒక్క మాట అడిగాడు. "తల్లీ, ఎవరూ పిలవనప్పుడు ఆ ఎలుగు ఏం చేస్తాడో కనుక్కున్నావా?"

"ఏం చేస్తాడు మావయ్యా, తొక్కుతుంటాడు" అని నవ్వేసి, ఒప్పందం చదవకుండానే కింద గిట్ట ముద్ర వేసేసింది. ఇంత చదువుకున్న జింక ఆ పని చేసిందంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు తెల్లవారుతూనే జింకల మంద మడుగు దగ్గరికి వచ్చింది. గట్టు మీద రాతిపై పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఫోన్ చూపించండమ్మా. ఎవరి వంతో పచ్చగుర్తుతో కనపడాలి, ఇప్పుడదే కట్టుబాటు."

వర్ధని యాప్ తెరిచింది. తెర మీద ఒక సున్నా గిరగిరా తిరుగుతోంది.

"లోడవుతోందండీ."

"కానీ. నాకేం తొందర లేదు" అని పెద్దాయన మీసం నాక్కున్నాడు.

సున్నా తిరుగుతూనే ఉంది. మువ్వ నీళ్ళ వైపు అడుగెయ్యబోతే వర్ధని కాలు అడ్డం పెట్టి ఆపింది. సరిగ్గా అరగంట గడిచాక పచ్చగుర్తు వెలిగింది. దాని పక్కనే 'ఇప్పుడు అడవిపందుల వంతు' అని ఉంది. పందులు బిలబిలా దిగిపోయాయి. జింకలు ఆకుల మీది మంచు నాక్కుంటూ వెనక్కి వెళ్ళాయి.

రెండో రోజూ అదే సున్నా, అవే పందులు. మువ్వ నాలుక బయటికొచ్చేసింది. తల్లి పొదుగులో పాలు తగ్గిపోయాయి. వర్ధని తిన్నగా నక్క గుహకి వెళ్ళి కేకలేసింది.

"పరమేశం గారూ! పగలంతా టకీమని వచ్చే యాప్ తెల్లారేసరికి ఎందుకు చస్తోంది?"

"చావలేదు చెల్లెమ్మా, నిద్రపోయింది. ఊరికే ఇచ్చే ప్లాన్‌లో పావుగంట ఎవరూ యాప్ తెరిచి పిలవకపోతే వీరాస్వామి పడుకుంటాడు. రాత్రి ఎవరు పిలుస్తారు చెప్పు? పొద్దున్నే నువ్వు పిలిస్తే వాడు లేవాలి, ఆవలించాలి, వీపు గోక్కోవాలి, ఎవరదీ అనాలి. అరగంటన్నా పట్టదూ?"

"ఈ ముక్క ముందు చెప్పలేదే!"

"ఒప్పందంలో రాసుందిగా. చీమలకి కనపడే అక్షరాల్లో. చీమల్ని తెచ్చుకుని చదివించుకోకపోవడం నా తప్పా?"

"నిద్రపోకుండా ఉండాలంటే?"

"ప్రీమియం ప్లాన్." పరమేశం గొంతు తేనెలా కారింది. "నెలకో జింకపిల్ల. మొదటి నెలకి మీ మువ్వ సరిపోతుంది. చిన్నదే అయినా సర్దుకుంటాం."

వర్ధనికి కోపం వచ్చింది, దానికంటే ముందు భయం వచ్చింది. "నీ గుహా వద్దు, నువ్వూ వద్దు. వేరే చోటికి మారిపోతాను!"

"మారు తల్లీ. యాప్ పట్టుకుపో. వంతుల పట్టిక మాత్రం మా మిషన్లోనే ఉంటుంది, అదీ రాసుంది. మూడు రోజులు ఆలోచించుకో. నాలుగో రోజు నేనే వస్తాను, పిల్లనిస్తావో, మందంతా దాహంతో ఏడవాలో, నీ ఇష్టం."

వర్ధని పరుగున కాకి దగ్గరికి పోయింది. "పిన్నీ, వంతులు ఒక్కసారి మళ్ళీ చెప్పవూ!"

"ఏ వంతులే?" అంది కాకి, ఎంతో ప్రశాంతంగా.

ఇక చేసేది లేక వర్ధని చీమల పుట్ట దగ్గర కూర్చుని ఒప్పందం పరిచింది. చీమలు బారులు తీరి ఒక్కోటి ఒక్కో అక్షరం అరిచాయి. మధ్యలో రెండు చీమలు పోట్లాడుకుని ఒక వాక్యం మొత్తం తారుమారైంది కూడా. చివరికి కూడబలుక్కుంటే తేలింది ఇది. 'పావుగంటపాటు ఎవరూ పిలవనిచో ఎలుగు నిద్రించును. పిలుచుచున్నంతసేపు తొక్కుచుండును.'

"ఎన్నిసార్లు పిలవాలో రాసుందా?" అంది వర్ధని.

"లేదు" అంది చివరి చీమ.

"ఎవరు పిలవాలో?"

"అదీ లేదు."

వర్ధని చెవులు నిక్కబొడుచుకున్నాయి. మందలో వాళ్ళని అడిగితే వాళ్ళకి నిద్ర కావాలి. నిద్ర అక్కర్లేనిది అడవిలో ఒక్కతే ఉంది, వడ్రంగిపిట్ట చిలకమ్మ. దాని గూట్లో ముగ్గురు పిల్లలు పుట్టి నెలయింది, అప్పణ్ణుంచీ కంటి మీద కునుకు లేదు.

"వదినా, చెట్టుని పొడవడం నీకెట్లాగూ అలవాటేగా. దాంతోపాటు ఈ ఫోన్‌ని కూడా పొడుస్తావా? మధ్యలో పావుగంట దాటకుండా చూసుకుంటే చాలు."

"పొడిస్తే ఏమవుతుంది?"

"అప్పుడు ఎవరి వంతో కనిపిస్తుంది. అది పక్కనే మాను మీద చెక్కెయ్."

"ఓస్, అంతేనా! పిల్లలు ఏడుస్తుంటే ఏదో ఒకటి పొడిస్తేగానీ నా మనసు నిలవదు" అంది చిలకమ్మ. ఫోన్‌ని టేకుమానుకి వేలాడదీశారు. టక్. టక్. టక్.

మర్నాడు తెల్లవారుతూనే వర్ధని యాప్ తెరిచిందో లేదో పచ్చగుర్తు వెలిగింది. పెద్దాయన వంగి చూసి, కొంచెం నిరాశగానే, "తాగండమ్మా" అన్నాడు. మువ్వ ముందు కాళ్ళు రెండూ మడుగులో పెట్టేసి, పొట్ట బానలా అయ్యేదాకా తాగింది. వర్ధనికి కళ్ళు చెమర్చాయి. అడవిలో కన్నీళ్ళు మిగిలింది దానికొక్కదానికే అనుకుంటా.

మూడు రోజులయ్యేసరికి టేకుమాను మీద పట్టిక మొత్తం దిగిపోయింది. వర్ధని దాన్ని చూసి వంతులన్నీ మళ్ళీ ఎక్కించి, యాప్‌ని తీసుకెళ్ళి గంగన్న పాకలో పెట్టింది. గంగన్న 'నేను ముందే చెప్పానుగా' అని కూడా అనలేదు, తిరిగాడు. అందరూ తమ ఫోన్లలో యాప్ చిరునామా మార్చుకున్నారు. పరమేశానికి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు కదా. చిలకమ్మని ఇక చాలన్నారు గానీ, దానికి అలవాటైపోయింది. పాత చిరునామానే పొడుస్తూ కూర్చుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం, పిల్లని తీసుకోవడానికి మూతి తుడుచుకుంటూ పరమేశం గుహలోంచి బయల్దేరబోతున్నాడు. వెనక చక్రం ఆగింది. వీరాస్వామి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు చింతనిప్పులు.

"అయ్యా, నా నిద్ర?"

"ఒప్పందంలో ఉందిగా వీరాస్వామీ. పావుగంట ఎవరూ పిలవకపోతే..."

"పిలుస్తున్నారు! మూడు రోజులూ మూడు రాత్రులూ పిలుస్తూనే ఉన్నారు! ఎవరదీ అంటే పలకరు! మళ్ళీ పిలుస్తారు!"

"అయితే తొక్కాలి మరి, అది రూలు..."

ఆ మాట పూర్తవలేదు. వీరాస్వామి బోర్డు పీకి చేతికి తీసుకున్నాడు. పరమేశం తోక ముడిచి పరుగు లంకించుకున్నాడు. గుట్ట ఎక్కాడు, దిగాడు, ముళ్ళకంపల్లో దూరాడు. వెనక ఎలుగు, నెత్తిన ఎండ. తల ప్రాణం తోకకొచ్చింది. నాలుక మోకాళ్ళకి కొట్టుకుంటుండగా మడుగు గట్టున వచ్చి పడ్డాడు.

రాతి మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "ఫోన్ చూపించు."

పరమేశం రొప్పుతూ తెరిచాడు. సున్నా గిరగిరా తిరుగుతోంది. చక్రం మీద ఎవరున్నారు గనక?

"లోడవుతోందండీ!"

"కానీ. నాకేం తొందర లేదు."

"పెద్దాయనా, ఒక్క గుక్క! వెనక ఎలుగొస్తున్నాడు! అసలా యాప్ నా గుహలోదేనండీ, నేనే యజమానిని!"

"అయితే ఎంతసేపు పడుతుందో నీకే బాగా తెలిసుండాలి" అన్నాడు పెద్దాయన, రాతి మీంచి కిందికి దిగుతూ.

పరమేశం వెనక్కి చూశాడు, బోర్డు పట్టుకుని వీరాస్వామి. ముందుకి చూశాడు, నీళ్ళు. దాహం ఆగక మూతి పెట్టేశాడు. ఆ తర్వాతి సంగతి పెద్దాయన్నే అడగాలి. ఆయన భోజనం చేసేటప్పుడు మాట్లాడడు. వీరాస్వామి మాత్రం అక్కడే గట్టున బోర్డు తలకింద పెట్టుకుని రెండు రోజులు గుర్రుపెట్టాడు.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఊరికే చోటిస్తానన్నవాణ్ణి ఏమేం ఇస్తావని కాదు, ఎప్పుడు నిద్రపోతావని అడగండి.