గోరమ్మ దాచుకున్న పాఠం

అనగనగా ఒక అడవిలో ఎండకి కాగి కాగి నల్లబడిన రాతికొండ ఒకటి ఉండేది. ఆ కొండ మీద గోరమ్మ అనే ముసలి ఉడుము ఉండేది. నిలువు బండనైనా చకచకా ఎక్కేసేది. అడవిలో ఎవరి పిల్ల ఏ రాళ్ళ సందులో ఇరుక్కున్నా, "గోరమ్మవ్వని పిలవండి!" అని కేక వేసేవాళ్ళు. ఆ కేక వింటే చాలు, గోరమ్మకి కడుపు నిండినట్టుండేది.

ఒకరోజు పట్నం నుంచి ఇందుమతి అనే అమ్మాయి వచ్చి కొండ కింద గుడారం వేసుకుంది. ఇళ్ళు కూలినప్పుడు శిథిలాల కింద చిక్కుకున్న మనుషుల్ని వెతకడానికి ఆమె ఒక రోబోని చేసింది, పిల్లలూ. అది అచ్చం ఉడుములా ఉంది. నాలుగు కాళ్ళు, పొడుగాటి తోక, ఉక్కు గోళ్ళు, నుదుటి మీద చిన్న దీపం. కాకపోతే గోరమ్మలో సగం ఉంటుంది, అంతే.

"వెళ్ళు. కొండ ఎక్కడం నేర్చుకుని రా," అని ఇందుమతి దాన్ని వదిలింది. కోతులు దానికి రేకుడుము అని పేరు పెట్టాయి.

రేకుడుము నేరుగా గోరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అవ్వా, మీ ఉడుముల్ని చూసే నన్ను చేశారు. కానీ నాకు ఎక్కడం రాదు. నేర్పుతావా?"

"పోవోయ్! నీకూ నాకూ ఏం చుట్టరికం?" అంది గోరమ్మ.

రెండో రోజు మళ్ళీ వచ్చింది. గోరమ్మ మొహం తిప్పేసుకుంది. మూడో రోజు వచ్చేసరికి దాని ఒళ్ళంతా సొట్టలు. ఒంటరిగా ఎక్కబోయి ఎన్నిసార్లు పడిందో! గోరమ్మ మనసు కరిగిపోయింది.

"సరేలే, ఇలా రా. ముందు గోరు ఎలా దించాలో చూడు," అంది.

ఆ రోజు నుంచి ఇద్దరూ పొద్దంతా బండల మీదే. రేకుడుము జారితే గోరమ్మ గుండె గుభేలుమనేది. బాగా ఎక్కితే, "భలే నాయనా!" అని తోక ఆడించేది.

అది చూసి ఒక కోతి అంది: "ఇంకేం అవ్వా! నువ్విక విశ్రాంతి తీసుకో. ఇకమీదట రేకుడుమునే పిలుస్తాం. దానికి ఆకలీ లేదు, అలుపూ లేదు."

కోతి మామూలుగానే అంది. గోరమ్మకి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. 'అయితే నన్నిక ఎవరూ పిలవరా?' అనుకుంది.

ఆ సాయంత్రం రేకుడుము అడిగింది: "అవ్వా, రాయి తడిగా ఉంటే ఎలా ఎక్కాలి?"

గోరమ్మకి తెలుసు. కానీ ఎటో చూస్తూ, "తడిరాయైనా పొడిరాయైనా ఒకటే. ఇలాగే ఎక్కు," అనేసింది.

రేకుడుము నమ్మింది.

తర్వాత మూడు రోజులు ఎడతెగని వాన. మూడో రోజు కొండ చరియ విరిగి, ఏదుపంది ఏదమ్మ బొరియ మీద పడింది. ఏదమ్మ దుంపల కోసం బయటికి వెళ్ళింది. లోపల ముగ్గురు పసికూనలు!

ఎలుగుబంటి వచ్చి రాయి కదిపితే మరిన్ని రాళ్ళు దొర్లాయి. "పిల్లలు ఎటు ఉన్నారో తెలియకుండా తవ్వితే, ఉన్న రాళ్ళు కూడా వాళ్ళ మీదే పడతాయి," అని ఆగిపోయింది.

పైన ఒక చిన్న పగులు కనిపించింది. గోరమ్మ పరుగున వెళ్ళి తల దూర్చింది. భుజాలు పట్టలేదు.

"నేను పడతాను," అంది రేకుడుము.

అది తడిబండ ఎక్కబోయి జారిపడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. మూడోసారి పడ్డప్పుడు ముందుకాలు ఒకటి విరిగిపోయింది. సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చిన ఏదమ్మ కింద ఏడుస్తోంది.

రేకుడుము గోరమ్మ వైపు చూసింది. "అవ్వా, నువ్వు చెప్పినట్టే ఎక్కుతున్నాను. నేనెక్కడ తప్పు చేస్తున్నాను?"

చుట్టూ అందరూ ఉన్నారు. అయినా గోరమ్మ చెప్పింది.

"తప్పు నీది కాదు నాయనా. నాది. నీకు అన్నీ వచ్చేస్తే నన్నెవరూ పిలవరని భయపడి అబద్ధం చెప్పాను."

రేకుడుముకి కోపం రాలేదు. "అయితే ఇప్పుడు చెప్పు అవ్వా," అంది.

"తడిరాతి మీద గోరు నిలువుగా దించకు, పగుల్లోకి పక్కగా దూర్చు. పొట్ట రాతికి ఆనించు. తోక గట్టిగా అదిమిపెట్టు. విరిగిన కాలి వైపు నేను ఆసరాగా ఉంటాను, పద!"

వానలో ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని ఎక్కారు. పగులు దగ్గర గోరమ్మ ఆగిపోయింది. రేకుడుము ఒక్కటే చీకట్లోకి దిగింది.

కాసేపటికి లోపల్నుంచి కేక: "ముగ్గురూ ఉన్నారు! ఎడమ గోడ పక్కన. అక్కడంతా మెత్తటి మట్టే, తవ్వండి!"

ఎలుగుబంటి తవ్వింది. ఒక కూన వచ్చింది, ఏడుస్తూ. రెండోదీ ఏడుస్తూ వచ్చింది. మూడోది మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఏదమ్మ దాన్ని నాకుతూనే ఉంది. గోరమ్మ చూడలేక కళ్ళు మూసుకుంది.

చాలాసేపటికి, "కిచ్" అని సన్నటి చప్పుడు.

గోరమ్మ తల వంచుకుని కిందికి దిగొచ్చింది. "ఏదమ్మా, నా వల్లే ఇంత ఆలస్యమైంది."

ఏదమ్మ ఆ చిన్నకూనని నోట కరుచుకొచ్చి, గోరమ్మ పక్కన పెట్టింది.

"కాసేపు దీన్ని చూడవ్వా. మిగతా ఇద్దరికీ పాలివ్వాలి," అంది.

ఆ కూన ముళ్ళు ఇంకా మెత్తగా ఉన్నాయి. గోరమ్మ మెదలకుండా పడుకుంది. కూన ఆమె పొట్టకి ఆనుకుని నిద్రపోయింది.

ఇందుమతి రేకుడుము కాలు బాగుచేసింది. గోరమ్మ తనకి తెలిసిన ప్రతి కిటుకూ దానికి నేర్పింది, ఒక్కటీ మిగల్చలేదు. పట్నానికి బయల్దేరే రోజు రేకుడుము అంది:

"అవ్వా, ఎవరిని బయటికి తీసినా నీ పేరు చెప్తాను."

"నా పేరెందుకు నాయనా? ముందు వాళ్ళకి ఊపిరాడనీ," అంది గోరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

నీతి: తెలిసిన పనిని మనసారా నేర్పితే మన విలువ తగ్గదు, భయంతో దాచుకుంటే అది ఎవరి ప్రాణం మీదికో వస్తుంది.