గెలిచిన సీసా

గుమ్మకొండ రాజావారికి సైకిల్ పందేలంటే ప్రాణం. ఆ ఏడు దివాన్‌గారి బావమరిది వీరభూపతి కొండ ఎక్కుతుంటే జనం ఊపిరి బిగబట్టి చూశారు. మేకలు కూడా తడబడే ఏటవాలులో ఆయన ఒంటికి చెమటైనా పట్టలేదు!

మందు మింగి తొక్కకూడదని సంస్థానం కట్టడి. అందుకే గెలిచినవాడు కాపలావాడి కళ్లెదుటే సీసాలో మూత్రం పోసివ్వాలి. వైద్యుడు దాన్ని పరీక్షిస్తాడు.

"దివాన్‌గారి బావమరిదిని, నీ ముందు పోస్తానట్రా?" అని కాపలావాడైన గవరయ్యను కసిరి, వీరభూపతి డేరాలోకి వెళ్లి నిండు సీసాతో వచ్చాడు.

వైద్యుడు పరీక్షించి, "మందు జాడే లేదు" అన్నాడు. జనం జేజేలు కొట్టారు. రాజావారు వీరభూపతి మెళ్లో వెయ్యడానికి దండ అందుకున్నారు.

బల్లమీది సీసాకేసి చీమలు బారులు తీరడం ఒక్క గవరయ్యే చూశాడు.

"మహాప్రభూ, ఈ చీమల్ని చూడండి. దొరగారికి మధుమేహం ముదిరిపోయింది. పాపం, ఈ ఒంటితోనే అంత కొండ ఎక్కారు!" అంటూ కళ్లొత్తుకున్నాడు.

రాజావారు కంగారుపడిపోయారు. "ఇక ఈయన్ని సైకిల్ ముట్టుకోనివ్వకండి. పూటపూటా కాకరరసం పట్టించండి!"

భటులు సైకిల్ లాక్కోబోతే వీరభూపతికి ఒళ్లు మండింది. "నాకు రోగమేమిటి! అది మా వంటవాడిది!" అని అరిచాడు.

వేలమంది గవరయ్యవైపు తిరిగారు.

గవరయ్య వినయంగా చేతులు జోడించాడు. "అయితే పరీక్ష నెగ్గింది వంటాయన, ప్రభూ. దండ ఆయన మెళ్లో వెయ్యండి. దొరగారికి ఇంకో ఖాళీ సీసా ఇప్పించండి."