బంగారి ఇంటికొచ్చిన చుట్టం

చలిజ్వరం తగ్గింది కదా, ఇక తిండి పెట్టడం ఎంత పని అనుకున్నాడు లోకనాథం. పిల్ల అసలు తిండే ముట్టదని అనుకోలేదు.

పిల్ల పేరు బంగారి, నాలుగేళ్లది. ఆస్పత్రి మందులకు జ్వరం దిగింది గానీ ఒళ్ళు పుల్లలా అయిపోయింది. ఇకనుంచి తిండే మందు, మళ్ళీ జ్వరమొస్తే ఈ ఒంటితో తట్టుకోలేదని డాక్టరమ్మ చెప్పి పంపింది. తల్లి కొండమ్మ పిల్లని చంకనేసుకుని కొండ దిగి పైడిదాసు గారి ఆశ్రమానికి వచ్చింది. ఆయన పిల్లకి తిండి పెట్టే పని శిష్యుడు లోకనాథానికి అప్పజెప్పారు.

లోకనాథం వంటలో చెయ్యి తిరిగినవాడు. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు. చోళ్ళూ, అదే రాగులూ, పెసరపప్పూ వేయించి తిరగలిలో విసిరి, బెల్లం, నెయ్యి వేసి చిక్కటి జావ కాచాడు. ముంతెడు తెచ్చి పిల్ల ముందు పెట్టాడు. బతిమాలాడు, బెదిరించాడు, బూచాడొస్తాడన్నాడు. బంగారి పళ్ళు బిగించేసింది.

"నా జావ వద్దన్నవాళ్ళు ఇంతవరకూ లేరండి," అని గురువు దగ్గర వాపోయాడు. "మంత్రమేదైనా ఉంటే చెప్పండి."

పైడిదాసు గారు కొండమ్మ మూటలో పిల్ల ఆడుకునే లక్కపిడతలు కనిపిస్తే అడిగి తీసుకున్నారు. పిల్ల ఎదురుగా చతికిలబడ్డారు.

"బంగారమ్మా, మీ ఇంటికి చుట్టాన్నొచ్చాను. ఆకలేస్తోంది. బువ్వ పెట్టవా?"

పిల్ల కళ్ళు తిప్పి చూసింది. మెల్లగా లేచి కూర్చుంది. చింతగింజంత గరిటెతో జావ ముంచి బొమ్మ గిన్నెలో పోసి ఇచ్చింది.

ఆయన అందుకోలేదు. "ఇంటామె తినకుండా నేనెలా తింటానే?"

బంగారి కాస్త ఆలోచించి ఆ గిన్నె తనే తాగేసింది. ఇంకోటి ఆయనకి పోసింది. ఆయన బోసినోటితో జుర్రుకుని, బెల్లం పిసినారిగా వేశావని వంక పెట్టారు. పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో, కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పనులన్నీ మానేసి ఇదేం ఆటని లోకనాథం లోలోపల విసుక్కున్నాడు.

చుట్టం వెళ్ళిపోయాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాడు. పొద్దు వాలేలోపు ఎన్నిసార్లు వచ్చాడో, లోకనాథం మళ్ళీ జావ కాచాల్సి వచ్చింది.

"జావలో ఏం కలిపారండీ?" అనడిగాడు చివరికి.

"నన్నడుగుతావేం, ఇంటామె అక్కడుంటే," అన్నారు గురువుగారు మీసం తుడుచుకుంటూ.

లోకనాథం వెళ్ళి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి చాపాడు.

"నాకూ పెట్టవా అమ్మా?"

బంగారి అతన్ని ఎగాదిగా చూసింది.

"కాళ్ళు కడుక్కురా, పో."

లోకనాథం నీళ్ళతొట్టి దగ్గరికి నడిచాడు.