మూడో పిలుపు

జయచంద్రకు ఒక్క మాట కావలసి వచ్చింది. అది మా సాహెబ్ నోటి నుంచే రావాల. ఇంకెవరు చెప్పినా పనికిరాదు.

రెండుసార్లు ఎమ్మెల్యే అయినాడు. ఇప్పుడు న్యాయశాఖ ఆయనకివ్వాలా ఇంకొకాయనకివ్వాలా అని ముఖ్యమంత్రి తేల్చుకోలేకున్నాడు. ఆ సాయంత్రమే మా ఊర్లో జయచంద్రకు సన్మానసభ, ముఖ్యమంత్రి కూడా వస్తున్నాడు. వకీలుగా ఉన్నన్నాళ్ళూ ఒక్క కేసు ఓడిపోలేదని గురువు మైకు ముందర చెప్తే చాలు, పదవి ఒళ్ళో పడినట్టే.

నా పేరు ఓబులేసు. వకీలు మొహియుద్దీన్ సాహెబ్ దగ్గర గుమాస్తాని, ముప్పై ఏళ్ళుగా ఆయన కేసు కట్టలు మోస్తున్నా. సాహెబ్ నిలబడి ఒక మాటన్నాడంటే జడ్జీలు కాగితం చూడకుండా నమ్మేవాళ్ళు. జయచంద్ర ఆయన శిష్యుడే కాబట్టి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆ సోమవారం పొద్దున నాలుగు కార్లు, ఇద్దరు ఫోటోగ్రాఫర్లతో కోర్టు ఎదురుగా ఉండే మా ఆఫీసు ముందర దిగినాడు.

వస్తూనే సాహెబ్ కాళ్ళకు వంగినాడు. సాహెబ్ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. కాళ్ళు మొక్కించుకోవడం ఆయనకు గిట్టదు. అది జయచంద్రకు తెలియనిదా? ఫోటో కోసం వంగినాడు, అంతే.

"సార్, సాయంత్రం మీరు రావాల. ఒక్క మాట చెప్పాల. నా శిష్యుడు ఒక్క కేసు కూడా ఓడిపోలేదని."

"ఒక్కటి కూడానా?"

"మీకు తెలియందేముంది సార్. ఓడిపోయింది ఏదన్నా ఉంటే మీరే చెప్పండి."

నాకు ఒళ్ళు మండింది. సాహెబ్ లేచి అల్మారా దగ్గరికి పోయి, అడుగు అరలో నుంచి ఒక కట్ట తీసి దుమ్ము దులిపినాడు. దాని మీది పేరు చూసి ఒక చీటీ మీద రాసినాడు.

ఆ కట్ట ఏదో నాకు తెలుసు. గుట్టకిందపల్లె కుళ్ళాయమ్మది.

పదకొండేళ్ళ నాటి మాట. ఆమెకు అమ్మవైపు నుంచి వచ్చిన నాలుగెకరాలను పక్క చేనాయన తనదని దున్నుకున్నాడు. ఆమె దావా వేసింది. వకీలు జయచంద్ర, అప్పుడింకా మా ఆఫీసులోనే ఉన్నాడు. మొదటి వాయిదాలోనే పాపం ఏడుస్తూ, అడగనివన్నీ జడ్జికి చెప్పేసింది. బయటికొచ్చినాక జయచంద్ర వేలు చూపించి అరిచినాడు. "నేను లేకుండా కోర్టులో నోరు విప్పినావంటే చూడు! ఎవరు ఏమడిగినా సరే, నేనొచ్చి చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడొద్దు." అట్లాంటి మాట ప్రతి వకీలూ అనేదే. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

తర్వాతి వాయిదా నాడే జయచంద్రకు పార్టీ టికెట్ వచ్చింది. జీపెక్కి ఊరేగింపుకు పోయినాడు. కేసు కట్ట ఇంకొకరికి అప్పజెప్పలేదు. సాహెబ్ ఊర్లో లేడు, నేను పక్క కోర్టులో ఉన్నా. బంట్రోతు వరండాలో నిలబడి కుళ్ళాయమ్మ పేరు మూడుసార్లు పిలిచినాడు. ఆమె ఆయన కాళ్ళ దగ్గరే కూర్చోనుంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని వింటానే ఉంది. పలకలేదు.

వాది రాలేదని కేసు కొట్టేసినారు.

నెల లోపల అర్జీ పెట్టుకుంటే కేసు మళ్ళీ తెరుస్తారు. సాహెబ్ అర్జీ రాయించి ఆమె ముందర పెట్టినాడు. తన వకీలు చెప్పందే వేలిముద్ర వేయనంది. జయచంద్రతో చెప్పిద్దామని రెండుసార్లు నేనే పోయినా. "ఎన్నికలు అయిపోనీ ఓబులేసూ" అని జీపులో నుంచే చెయ్యి ఊపినాడు. ఎన్నికలు అయినాయి. నెలా అయిపోయింది. ఆ చేన్లో ఆమె మొగుడు సొంతంగా తవ్వుకున్న బావి ఉంది. ఆ ఏడే దాంట్లో దూకి చచ్చిపోయినాడు.

అప్పటినుంచి ప్రతి సోమవారం ఆమె బస్సెక్కి వచ్చి కోర్టు వరండాలో కూర్చుంటుంది. కేసు అయిపోయిందని సాహెబ్ ఎన్నిసార్లు చెప్పినాడో. తల ఊపుతుంది, మళ్ళీ సోమవారం వస్తుంది. సాహెబ్ నా చేత టీ పంపిస్తాడు.

సాహెబ్ చీటీని జయచంద్ర చేతిలో పెట్టినాడు.

"సాయంత్రం సంగతి తర్వాత. ముందు వరండాలో నిలబడి ఈ పేరు మూడుసార్లు పిలువు. బంట్రోతు పిలిచినట్టు పిలవాల."

జయచంద్ర పకపకా నవ్వినాడు. సాహెబ్ కొత్త జూనియర్లను మొదటి వారం కాగితం ముట్టనిచ్చేవాడు కాదు. వరండాలో నిలబడి బంట్రోతు పిలిచే పేర్లు వినమనేవాడు. జయచంద్ర కూడా ఆ వారం అట్లనే నిలబడినాడు.

"నన్ను మళ్ళీ జూనియర్ని చేస్తున్నారే సార్!" అని, ఫోటోగ్రాఫర్లను కేకేసినాడు. "రండప్పా, ఇది బాగుంటుంది."

చీటీ మీది పేరు చదివినాడు. మొహంలో ఏమీ కదల్లేదు. నిజంగానే మర్చిపోయినాడు. అది చూసి నాకు కోపం కూడా రాలేదు, భయమేసింది.

అందరం కోర్టు వరండాకు పోయినాం.

"కుళ్ళాయమ్మా!"

సభల్లో అరిచి అరిచి ఆరితేరిన గొంతు. కక్షిదారులు తిరిగి చూసినారు. ఫోటోలు తీసినారు.

"గుట్టకిందపల్లె కుళ్ళాయమ్మా!"

మూలన స్తంభానికి ఆనుకున్న ముసలామె తల ఎత్తింది. నోటికి కొంగు అడ్డముంది. జయచంద్ర ఆమె తల మీదుగా గేటు వైపు చూస్తున్నాడు.

"కుళ్ళాయమ్మా!"

ఆమె గోడ పట్టుకుని లేచింది. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, మొహంలో మొహం పెట్టి చూసింది. కొంగు తీసింది.

"వచ్చినావా సామీ! గొంతు వింటానే నువ్వేననుకుంటి. ఆ పొద్దు నా పేరు మూడుమార్లు పిల్చినారు సామీ. ఇన్నాను. నోరు విప్పల్యా. ఆ మొహియుద్దీన్ సాబు ఏందో కాగితం తెచ్చినా ముట్టుకోల్యా. నువ్వు చెప్పినట్టే ఉండాను."

జయచంద్ర చేతిలోని చీటీ కింద పడింది. ఫోటోగ్రాఫరు కెమెరా దించినాడు.

ఆమె జయచంద్ర చెయ్యి పట్టుకుంది.

"ఇంగ మాట్లాడొచ్చునా సామీ?"

వరండా అంతా చూస్తోంది. జయచంద్ర మెల్లగా సాహెబ్ వైపు తిరిగినాడు.

"నా దిక్కు చూడొద్దు నాయనా. అడిగింది ఆమె" అన్నాడు సాహెబ్.