సోమయాజి ఎత్తుకొచ్చిన సెట్టింగులు

నరసింగ భూపతికి పొద్దున్నే బుద్ధి పుట్టింది, బిరుదు మార్చుకోవాలని!

"'గజగర్వభంజనుడు' అంటే ఏనుగులే కదా భయపడేవి? ఇకమీదట నేను 'సింహగర్వభంజనుడు'. జనం అర్జీలు పెట్టుకునే మన వెబ్‌సైటులో, రేపటి సభకల్లా ప్రతి పేజీ మీదా అదే కనబడాలి," అన్నాడు. ఏనుగునైనా ఆయన మేడ మీంచి చూడ్డమే తప్ప ఎరగడు, అది వేరే సంగతి.

ఆ సైటు కట్టింది ఆస్థాన పండితుడు సర్వోత్తమ సోమయాజి. శాలువా కప్పుకుని, ముక్కులో నస్యం ఎక్కించనిదే కీబోర్డు ముట్టడు. ఆయన ముఖం పాలిపోయింది. బిరుదుని ఒక్కో పేజీ కోడులోనూ విడివిడిగా రాసి కూర్చున్నాడు మరి!

"ప్రభూ, అదొక మహాయజ్ఞం. ఆరు నెలలు పడుతుంది."

విదూషకుడు కొండుభట్టుకి నవ్వాగలేదు. కోడు రాయడం అతనికీ వచ్చు. నోరు మూసుకోవడమే రాదు.

"వక్క నమిలేలోపు మారే పనికి ఆరు నెలలా, స్వామీ?"

సోమయాజి బుస్సుమన్నాడు. "అయితే పందెం! రేపు సభలో ఎవరు చేసి చూపిస్తే, రెండోవాడు వాళ్ల తాంబూలప్పెట్టె జీవితాంతం మొయ్యాలి!"

రాజు సరేనన్నాడు. కొండుభట్టు సోమయాజి పెట్టెకేసి చూశాడు. ఈ మహానుభావుడి వెనకాల పెట్టె పట్టుకు తిరగడమా, రామ రామ!

గదికెళ్లి, అసలు సైటుకి నకలుగా ఓ మాదిరి సైటు పెట్టుకున్నాడు. బిరుదు, రంగులు, చిరునామాలు, తరచూ మారేవన్నీ పేజీల్లోంచి పీకి ఒక్క సెట్టింగుల ఫైల్లో పెట్టాడు. ఇక ఏ పేజీకి బిరుదు కావాలన్నా ఆ ఫైలునే అడగాలి. అక్కడొక్క వరుస మారిస్తే అన్నిచోట్లా మారుతుంది.

మాదిరి సైటులో అసలు బిరుదు పెట్టరు, ఉత్తుత్తి మాటేదో పెట్టి చూసుకుంటారు. కొండుభట్టూ ఏదో పెట్టి, తనలో తనే నవ్వుకుని, తలుపు బార్లా తీసి భోజనానికి వెళ్లాడు. సోమయాజి చెయ్యి ఊరుకోదని అతనికి తెలుసు.

తిరిగొచ్చేసరికి కీబోర్డు నిండా సోమయాజి నస్యం!

మర్నాడు సభలో సోమయాజే ముందు లేచాడు. "సాధించాను ప్రభూ! ఇదంతా నా స్వహస్తాలతో చేసిందే."

"ప్రతి అక్షరమూ చూసుకున్నారా స్వామీ?" అన్నాడు కొండుభట్టు.

"నాకే చెబుతావటోయ్! చూడకుండా పెడతానా?"

తెర మీద సైటు తెరుచుకుంది. రాజుగారి బొమ్మ కింద, బిరుదు ఉండాల్సిన చోట, పెద్ద పెద్ద అక్షరాలు:

"ఇది కొండుభట్టు మాదిరి సైటు. ఎత్తుకెళ్లేవారు చదువుకుని ఎత్తుకెళ్లవలెను."

సభంతా గొల్లుమంది. రాజు మండిపడ్డాడు. "సోమయాజీ! ఇదా నా బిరుదు?"

సోమయాజి శాలువా తల మీదికి లాక్కున్నాడు. కొండుభట్టే అందుకున్నాడు.

"ప్రభూ, మార్చాల్సింది ఒక్క వరుస. పండితులవారు అన్నీ మోసుకొచ్చారు, ఆ ఒక్కటీ చదవలేదు! తమరో వక్క నోట్లో వేసుకోండి."

రాజు వక్క నమలడం పూర్తికాకముందే ప్రతి పేజీ మీదా సింహం గర్వం అణిగిపోయింది.

"రేపు పులి కావాలన్నా సిద్ధమే, ప్రభూ!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, మెళ్లో ముత్యాల హారం తీసి అతని మెళ్లో వేశాడు. కొండుభట్టు తన తాంబూలప్పెట్టె తీసి సోమయాజి చేతుల్లో పెట్టాడు. ఆపైన అరచెయ్యి చాచాడు.

"ఏదీ స్వామీ, ఓ వక్క!"